సువర్ణ దగ్గు

హైదరాబాదు, ఫిబ్రవరి 18

ఆర్మూరు కన్నీటి సంఘానికి జీవితకాల అధ్యక్షురాలు, మా అమ్మమ్మ నీలవ్వ గారి దివ్యసముఖానికి,

నీ మనవరాలు భూమిక వంగి వంగి విన్నవించుకునేది ఏమంటే, మా కాలేజీలో ఒక ఘోరం జరిగింది. పాత విషాద చిత్రమొకటి తీసుకుని, కథానాయిక వైపు నుంచి తిరగరాసి, పది నిమిషాల సినిమా తీయమన్నారు. వెంటనే చెయ్యెత్తి నీ సినిమా పేరు చెప్పేశాను. నువ్వు ఇరవై మూడుసార్లు చూసి, దాని పాటల పుస్తకం కోసమే అక్షరాలు నేర్చుకున్నావే, అదే. ఫోనులో అడగొచ్చు. కానీ నువ్వు స్పీకర్ పెడితే నీతో పసుపు ఏరే షెడ్డంతా సలహాలిస్తుంది. పోయినసారి నా జ్వరానికి పదకొండు మందులు చెప్పారు. అందుకే ఉత్తరం.

నిన్న మళ్లీ చూశాను. సువర్ణకు దగ్గు, కొంగు మీద రక్తం. మొగుడికి చెప్పదు, చెప్పకుండానే ఇల్లు వదిలిపోతుంది. ఆమె చనిపోతే అతను గుట్టెక్కి పాట పాడతాడు. జనమేమో అతని కోసం ఏడుస్తారు! అతనికి నాలుగు పాటలు, ఆమెకు పదిహేడు దగ్గులు. నాకు అర్థం కానిది ఒకటే: ఆమె దవాఖానకు ఎందుకు పోలేదు? పోతే కథ ఇంటర్వెల్‌కే అయిపోతుందని మా సార్ అంటాడు. నాకు ఆ జవాబు చాలదు. ఆమె మనసులో ఏముందో నువ్వే చెప్పాలి.

నీ కన్నీళ్లకు ఏకైక వారసురాలు,
భూమిక


ఆర్మూరు, ఫిబ్రవరి 24

బంగారు బిడ్డా భూమికా,

మీ సారుకు ఏం ఎరుక? దగ్గినోళ్లకు ఎరుక.

సువర్ణ మొదలు దుమ్ము అనుకుంటది. మందిలున్నప్పుడు ఆపుకుంటది, ఆపితే కడుపుల గుంజుతది. ఒకనాడు దగ్గి మూతి తుడుసుకొని కొంగు చూస్తది. ఎర్రగ! గబగబ ఆ కొంగు నాలుగు మడతలు పెట్టి బొడ్లె చెక్కుకుంటది. తెల్లారి చూస్తె మల్లా ఎర్రగ.

దవాఖానకు పోతే దానికి పేరు పెడతరు బిడ్డా. పేరు పెట్టనంత సేపు అది దగ్గే. పెట్టినంక పక్కన కూసొని ఎవలు పనిచెయ్యరు, చాయ్ గిలాస వేరే పెడతరు. ఇంట్ల తెలిస్తే మనవరాలు పరీక్షలు ఇడిశిపెట్టి ఉరికొస్తది. గందుకే చెప్పది. గిదంత నీ సినిమాల పెట్టు.

టైంకు తిను.
మీ అమ్మమ్మ నీలవ్వ


హైదరాబాదు, మార్చి 1

నేరపరిశోధన విభాగం నుంచి, నీలవ్వ అనబడే నిందితురాలికి,

నీ ఉత్తరం మొదటిసారి చదివి చప్పట్లు కొట్టాను. రెండోసారి చేతులు ఆగిపోయాయి.

అమ్మమ్మా, సువర్ణ ఇరవై రెండేళ్లకే చనిపోయింది. పిల్లలు కూడా లేరు. మరి పరీక్షలు రాసే మనవరాలు ఎక్కడి నుంచి వచ్చింది?

నిన్నటి నుంచి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. ఎత్తితే దగ్గు వినపడుతుందనా? ఇక్కడొక జోకు వేద్దామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు.

శుక్రవారం నా ఆఖరి పరీక్ష, శనివారం పొద్దున బస్సుకు వస్తాను. అప్పటిదాకా ఆగకు. షెడ్డులో నీ పక్కన కూర్చునే భాగ్యవ్వను వెంటబెట్టుకుని దవాఖానకు పో. లేకపోతే మస్కట్‌లో ఉన్న అమ్మకు చెప్పేస్తాను. పేరు పెడితే పెట్టనీ, పేరుంటేనే కదా మందిచ్చేది. ఇది సువర్ణ కాలం కాదు, టీబీ అయినా నయమవుతుంది. నేనొచ్చి నీ గ్లాసులోనే చాయ్ తాగుతాను.

భాగ్యవ్వ కొడుకు దయాకర్ ఊరికి వస్తున్నాడు. ఇది అతని చేతికే ఇస్తున్నాను.

భూమిక


ఆర్మూరు, మార్చి 5

నా పోలీసు బిడ్డా,

పట్టుకున్నవ్. దయాకర్ నీ ఉత్తరం తల్లి ముంగటనే సదివిండు. ఇనంగనే భాగ్యవ్వ నా రెక్క పట్టి గుంజింది. "నడువే! చచ్చేదుంటే లైన్ల నిలవడి చావు" అన్నది. ఛాతి ఫోటువ తీసిండ్రు, తెమడ పరీక్షకు తీసుకున్నరు. మూడొద్దులు సువర్ణ లెక్కనే గోడకు ఒరిగి కూసున్న.

ఇయ్యాల నర్సు పద్మలత పిలిచి, ఫోటువ మంచిగుంది, తెమడల ఏం లేదు అన్నది. "మరి గీ నెత్తురు?" అని కొంగు సూపిచ్చిన. ఆమె వాసన సూసింది.

"తంబాకు నములుతవా?"

"జర్రంత. సున్నం కలిపి."

"ఏం పని చేస్తవ్?"

"పసుపు ఏరుత."

"పసుపు కొంగుతోని సున్నం మూతి తుడుస్తే ఏమైతది నీలవ్వా?"

లైన్లున్నోళ్లంత ఒక్కటే నవ్వుడు! మా వాడల సగం మంది పోరగాండ్లకు దిష్టి తీసినదాన్ని బిడ్డా. పసుపుల సున్నమేసి ఎర్రనీళ్లు చేసుడు నాకంటె ఎవలకు ఎరుక? గా సినిమా నా కండ్లకు గంతలు కట్టింది. ఎరుపు కనవడంగనే చెవుల్ల గుట్ట మీది పాట మోగింది.

దగ్గు పసుపు దుమ్ముతోనట. మూతికి బట్ట కట్టుకోమన్నరు, తంబాకు బంద్ చెయ్యమన్నరు. బయటికొచ్చి నేను, భాగ్యవ్వ మిర్చి బజ్జీలు తిన్నం. కండ్లెంబడి నీళ్లు కారినయ్, కారానికి గాదు.

సువర్ణ ఎందుకు పోలేదో మీ సారుకు చెప్పు. రెక్క పట్టి గుంజుకపోయేటి ఆడమనిషిని ఆ కథ రాసినోడు ఆమె పక్కన ఒక్కదాన్ని గుడ పెట్టలేదు.

ఒక్క తిప్పలు మిగిలింది. చస్తననుకొని మొన్ననే నా ఆకుపచ్చ పట్టుచీర భాగ్యవ్వకు ఇచ్చేసిన. ఇయ్యాల దవాఖానకు అదే కట్టుకొని వచ్చింది. దానికే మంచిగున్నది, గదే నా బాధ. శనివారం వచ్చినప్పుడు చీర వాపస్ నువ్వడుగు. చదువుకున్నదానివి, ఎట్లడగాల్నో నీకే ఎరుక.

ఇంకా బతికే ఉన్న,
మీ అమ్మమ్మ నీలవ్వ