అత్తయ్య గులాబీ పాకం

మే నెల, మొదటి ఆదివారం

నా ప్రాణంతో సమానమైన రిహాబ్ అక్కకి,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావ అడిగితే అల్లికల గురించి రాసిందని చెప్పు. దుకాణంలో ఫోనుంది గానీ దాని చుట్టూ ఎప్పుడూ నలభై చెవులుంటాయి. పైగా ఇవి గట్టిగా చెప్పుకునే మాటలు కావు.

అక్కా, ఈ ఇంట్లో నా వెనక ఏదో జరుగుతోంది.

కిందటి ఏడు ఇదే నెలలో నేను కొత్త కోడలిని. అద్లా అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గులాబీ రేకు మొదట్లో ఉండే తెల్లటి ముక్కని ఎలా గిల్లెయ్యాలో చూపించింది. "అది ఉంటే పాకం చేదెక్కుతుంది పిల్లా. వచ్చే ఏడు నీకు మొత్తం నేర్పిస్తా. ఈ విద్య నాతోపాటు మట్టిలో కలవకూడదు" అంది. ఆవిడ పేరు మీ ట్రిపోలీ దాకా తెలుసు కదా. బెకా లోయలో ఏ నిశ్చితార్థమైనా, ఏ పురుడైనా అద్లా చేసిన పాకం చల్లటి నీళ్లలో కలిపి ఇవ్వాల్సిందే, గడ్డకట్టిన పాలతీపి మీద పొయ్యాల్సిందే. కళ్లకు గుడ్డ కట్టినా ఏ పువ్వు ఎవరి తోటదో వాసనతో చెప్పేసేదట.

ఈ చలికాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు నేనే చూసుకున్నాను. గంజి తాగించాను, తల దువ్వాను. లేచిన దగ్గర్నుంచి మనిషి మారిపోయింది. మొన్న పాలు మాడిపోతే పొయ్యి పక్కనే కూర్చుని ఉండి కూడా లేవలేదు. నేను పరుగెత్తుకొస్తే "గిన్నె అలా వదిలేసి పోతారా ఎవరైనా?" అని నన్నే తిట్టింది. గిన్నె పెట్టింది ఆవిడే!

ఇప్పుడు పూలకాలం వచ్చింది. పొద్దు పొడవకముందే కోసుకొచ్చిన బుట్టలు ఒక్కొక్కటీ నా ముఖం ముందు పెడుతుంది. "చూడు, ఎలా ఉన్నాయి?" అంటుంది. నేను బాగున్నాయంటే, "బాగున్నాయంటే? తేనెలా ఉందా, మిరియంలా ఉందా? నోరు పెగల్దా?" అంటూ నా ముఖంలోకే చూస్తుంది. ఏం తప్పు చెబుతానా అని కాచుక్కూర్చున్నట్టుంటుంది. నేను చెప్పాక బుట్ట లాక్కుని వంటగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. లోపల రేకుల్ని పంచదారతో, నిమ్మ ఉప్పుతో నలుపుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నేర్పిస్తానన్న మనిషి గడియ పెట్టుకుంది, అక్కా! నన్ను పరీక్షించి, పనికిరానిదాన్నని తేల్చి, కూతురికి నేర్పుతోందేమో. ఆడపడుచు లమీస్‌ని అడిగితే "నాకేం తెలుసు వదినా?" అని నవ్వేసింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

మా ఆయన నదీంతో చెబితే "మా అమ్మ మీద లేనిపోని అనుమానాలు పెట్టుకోకు" అన్నాడు. నావి లేనిపోనివేనా? నువ్వే చెప్పు.

నీ చెల్లెలు,
వదాద్


మే నెల, పద్నాలుగో తేదీ

అక్కా,

నీ జవాబు అందింది. ఓపిక పట్టమన్నావు. ఓపిక ఎక్కడికి తీసుకొచ్చిందో విను.

నిన్న లమీస్ నిశ్చితార్థం. పెళ్లికొడుకు తల్లి ఉమ్ జవాద్, పై ఊరి ఆవిడ, గొంతు పెద్దది, మాట పదును. పాతికమంది వచ్చారు. వారం ముందే అత్తయ్య కొత్త పాకం కాచి, సామాన్ల గదిలో దాచి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. నాకు అప్పజెప్పిందల్లా ఖాళీ సీసాలు కడగడం. కడిగి ఎండలో బోర్లించాను. నా ప్రమేయం అంతే.

నిన్న మధ్యాహ్నం గ్లాసుల్లో ఆవిడే పోసింది, ఆవిడే నీళ్లు కలిపింది. గుమ్మంలోంచి చూశాను. ఒక గుటక తాగి, తల ఊపి, "బాగా కుదిరింది" అంది. ఒళ్లంతా అత్తరు పూసుకున్న లమీస్ పళ్లెం పట్టుకెళ్లింది.

ఉమ్ జవాద్ గ్లాసు పెదవి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. పక్కనున్న ఆమె ఆడబిడ్డ కూడా గ్లాసు దించేసింది. అప్పుడు ఉమ్ జవాద్ అందరికీ వినిపించేలా, "అద్లా, ఇది షర్బత్తా, ఊరగాయ నీళ్లా? వెల్లుల్లి కంపు కొడుతోంది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఒక గ్లాసు తీసి చూశాను. నిజం, అక్కా. ఎర్రగా మెరుస్తున్న పాకంలో వెల్లుల్లి వాసన.

అత్తయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. మరుక్షణం నావైపు తిరిగి, "సీసాలు కడిగింది నా కోడలు. ఊరగాయ సీసాలు సరిగ్గా కడక్కుండా పెట్టేసింది. పని రాదు, చెబితే వినదు" అంది. పాతికమంది ముందు.

వాళ్లు వెళ్లాక సామాన్ల గది తెరిచి ఉంటే చూశాను. పాకం సీసాల్లో లేనేలేదు. ఏళ్ల తరబడి వెల్లుల్లి ఊరగాయ పెట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. మూత తీయగానే గుప్పుమంది. నేను కడిగిన సీసాలు అలాగే, ఖాళీగా, ఎండిపోయి ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించు. ఆ డబ్బాలో పోసింది ఆవిడ. దాచింది ఆవిడ. నా కళ్లముందే రుచి చూసి బాగుందన్నది ఆవిడ. ముక్కుకి పేరు మోసిన మనిషికి వెల్లుల్లి తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? కావాలనే చేసింది, అక్కా. కన్నకూతురి నిశ్చితార్థం చెడినా సరే, నన్ను బయటికి నెట్టాలని చేసింది. ఎందుకో తెలియదు. నదీంకి డబ్బా చూపిస్తే తల పట్టుకుని, "ఒక్కసారి క్షమించమని అనేస్తే అయిపోతుంది కదా" అన్నాడు. చెయ్యని తప్పుకి!

నేను వచ్చేస్తున్నాను. ఆదివారం ఉదయం బస్సుకి. మీ ఇంట్లో కుట్టుమిషను దగ్గర ఒక మూల చాలు. పెట్టె సర్దుకున్నాను. ఆవిడ ఈ ఉదయం గుమ్మంలో నిలబడి పెట్టెని చూసి వెళ్లిపోయింది. అది కూడా నాకు అనుమానమే.

నీ
వదాద్


మే నెల, పంతొమ్మిది

రిహాబ్ అక్కా,

నేను బస్సెక్కలేదు. కంగారు పడకు.

ఆదివారం ఉదయం, నదీం టాక్సీ పిలవడానికి వెళ్లాడు. నేను బయల్దేరేముందు అత్తయ్యని ముఖం మీదే అడిగేద్దామని వంటగదికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. తొయ్యగానే గ్యాసు కంపు ముఖానికి కొట్టింది. కళ్లు మండాయి. పొయ్యి మీద పాకం పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం పోతూనే ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. అత్తయ్య తాపీగా అగ్గిపెట్టె తెరిచి, పుల్ల తీసి, పెట్టెకి ఆనించింది.

ఏం అరిచానో గుర్తులేదు. ఎగిరి ఆవిడ చేతి మీద కొట్టాను. అగ్గిపుల్లలు నేలంతా చెదిరాయి. ఆవిడ నా చెంప మీద ఒక్కటిచ్చింది. "అత్త మీద చెయ్యి చేసుకునేదాకా వచ్చావా!"

సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి, ఆవిణ్ణి రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చాను. "ఇల్లంతా గ్యాసు నిండిపోయి ఉంటే అగ్గిపుల్ల గీస్తారా? మీతోపాటు అందర్నీ చంపుతారా?" అన్నాను.

ఆవిడ గోడకి ఆనుకుంది. "వాసన వస్తోందా?" అంది.

"వీధి చివరిదాకా వస్తోంది!"

"నాకు రావడం లేదు."

అంతే, అక్కా. ఆ మూడు ముక్కలు.

ఆ జ్వరంతోనే వాసన తెలియడం పోయిందట. మొదట జలుబనుకుందట. నెల, రెండు నెలలు చూసిందట. "పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుంటే కాగితం పెట్టుకున్నట్టుందే. కాఫీ వేడినీళ్లలా ఉంది. నా మనవడు పుడితే వాడి నెత్తి వాసన కూడా తెలీదు నాకు. నలభై ఏళ్లు ఈ ముక్కుతో బతికాను. అది లేదని తెలిస్తే నేనెవరు? గడియ పెట్టుకుంది నీకు నేర్పకూడదని కాదు. పక్కన నిలబడితే పట్టేస్తావని."

నేను ఏడవలేదు. ఇంతకాలం నేను అల్లుకున్నవన్నీ ఒక్కొక్కటే ఊడిపోతున్నా, ఒక్కటి మాత్రం ఊడలేదు. "మరి పాతికమంది ముందు నా పేరెందుకు చెప్పారు?" అని అడిగాను.

తప్పించుకోలేదు ఆవిడ. "నోటికొచ్చేసింది. నీ మీద పెట్టకపోతే నా మీద పడుతుంది. నువ్వు చిన్నదానివి, ఎలాగో తట్టుకుంటావనుకున్నా" అంది. తర్వాత నా చేతులు పట్టుకుని, "ఎవరికీ చెప్పకు తల్లీ" అంది.

"నేను చెప్పను అత్తయ్యా. మీరే చెప్పాలి. ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే. శుక్రవారం దాకా ఉంటాను" అన్నాను.

చెంప ఇంకా వాచే ఉంది. నదీంకి గుమ్మం తగిలిందని చెప్పాను. ఆవిడ చెబుతుందని నువ్వు నమ్ముతావా? నేను నమ్మడం లేదు.

నీ చెల్లెలు


మే నెల, ఇరవై ఆరు

రిహాబ్ అక్కకి అనేక ముద్దులతో,

సోమవారం పోయింది, మంగళవారం పోయింది. ఆవిడ నోరు విప్పలేదు. పొద్దున్నే మాత్రం వంటగది తలుపు బార్లా తీసి, "రా, నలుపు" అని రేకుల పళ్లెం నా ముందుకి తోసింది. మూడు రోజులు పక్కపక్కనే పనిచేశాం. రేకులు ఎర్రటి రసం వదిలేదాకా అరచేతులతో నలపడం, బట్టలో వేసి పిండడం, లేతపాకం వచ్చాక దించబోయే ముందు ఆ రసం కలపడం. ఎక్కువ మరిగితే పువ్వు చచ్చిపోతుందట. ఇదంతా నా నోరు మూయించడానికి పెట్టే లంచమని నా అనుమానం. గురువారం రాత్రి పెట్టె మళ్లీ మంచం కిందనుంచి లాగి పెట్టుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆవిడ నల్లకోటు వేసుకుని, కొత్త సీసా చంకన పెట్టుకుని, "నడు. మీ ఆయన్ని కూడా రమ్మను" అంది. ముగ్గురం పై ఊరు వెళ్లాం. అప్పటికే ఉమ్ జవాద్ ఉంగరం తిప్పి పంపే మాట అక్కడా ఇక్కడా అంటోందని లమీస్ ఏడుస్తోంది.

ఆ రోజు వచ్చిన ఆడవాళ్లు సగంమంది అక్కడే ఉన్నారు. ఉమ్ జవాద్ సీసా చూసి, "ఈసారి ఉల్లిపాయా?" అంది.

అత్తయ్య కూర్చోలేదు. "ఆ రోజు తప్పు నాది. డబ్బా నేనే తీశాను, నేనే పోశాను. నాకు చలికాలం నుంచి వాసన తెలీదు. ఏ వాసనా తెలీదు. సిగ్గుపడి దాచాను. నా కోడలి మీద అబద్ధం ఆడాను. వదాద్ సీసాలు శుభ్రంగా కడిగింది" అంది. తర్వాత నావైపు తిరిగి, అందరి ముందూ, "క్షమించు" అంది.

నదీం తల దించుకున్నాడు. నేను సీసా మూత తీశాను. ఉమ్ జవాద్ అత్తయ్య వైపు వంగింది. ఉన్నట్టుండి, "గట్టిగా చెప్పు అద్లా, సగమే వినపడింది" అంది. అందరూ తెల్లబోయారు. "ఏమలా చూస్తారు? నా కుడి చెవి పనిచెయ్యక ఆరేళ్లయింది. గయ్యాళినని ఊరంతా అనుకుంటున్నారు గానీ, నా మాట నాకే వినపడక అరుస్తానే! మా ఇంట్లో కూడా తెలీదు" అంది. ఎవరు ముందు నవ్వారో తెలియదు, అక్కా. ఆ ఇద్దరు ముసలివాళ్లూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఉమ్ జవాద్ రెండు గ్లాసులు తాగింది. పెళ్లి తేదీ కూడా ఖాయం చేసింది.

తిరిగొచ్చేటప్పుడు నదీం, "డబ్బా చూపించినప్పుడే నీ మాట వినాల్సింది" అన్నాడు. అవును, వినాల్సిందే అన్నాను.

ఆవిణ్ణి పూర్తిగా క్షమించానా అంటే, ఇంకా లేదు. పాతికమంది ముందు తగిలిన దెబ్బ ఒక్క శుక్రవారంతో మానదు. కానీ పెట్టె విప్పేశాను. పూలకాలం అయ్యాక ఆవిణ్ణి తీసుకుని మీ ఊరు వస్తాను. ముక్కు, చెవుల వైద్యుడు మంచివాడున్నాడన్నావు కదా, అడిగి ఉంచు. ఉమ్ జవాద్ కూడా వస్తానంటోంది. ఆవిడ గొంతుకి మీ పక్కింటివాళ్లు భయపడకుండా ముందే చెప్పి ఉంచు.

నిన్న అత్తయ్యకి నేను సొంతంగా కాచిన పాకం ఇచ్చాను. నాలుక మీద పెట్టుకుని, "తీపి సరిపోయింది. వాసన?" అంది. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. నిజానికి కాస్త మాడింది. ఆవిడ నా ముఖంలోకి చూసి చెంచా పక్కన పెట్టేసింది.

"కోడలా, ఈ ఇంటికి సరిపడా అబద్ధాలు నేనాడేశాను. నువ్వు నిజం చెప్పు, పారబోసి మళ్లీ కాద్దాం."

పారబోశాం.

నీ
వదాద్