పిన్ని కట్టిన ముడి

వీధిలో అందరూ కార్డులమ్మ అని పిలిచే నేను, డెబ్బై ఒకటో ఏట, బుద్ధి నిలకడగా ఉండగా, చెవులు కాస్త మందగించినా కళ్లు అద్దాల సాయంతో బాగానే పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. చెయ్యి వణుకుతుంది కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. బుద్ధి వంకర కాదని డాక్టరుగారూ వకీలుగారూ ఇద్దరూ ఒప్పుకున్నారు.

నా పూర్తి పేరు, వారసుల పేర్లు, ఇంటి నంబరు వకీలుగారు జతచేసిన పట్టీలో ఉన్నాయి. కోర్టుకు కావలసింది అక్కడ చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఇంట్లో పిలుచుకునే పిలుపులతోనే రాస్తాను. పిల్లల్ని పూర్తి పేరు పెట్టి పిలిచానంటే కోపం వచ్చిందనే అర్థం. ఈ కాగితం కోపంతో రాయడం లేదు, ఒక్క నాలుగో అంశం తప్ప.

నాకు ఇద్దరు పిల్లలు: పెద్దాడు, అమ్మాయి. ఇంట్లో ఇంకో మనిషి ఉంది, నా తోడికోడలు, మా మరిది భార్య, పిల్లలకు పిన్ని. నలభై నాలుగేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంది. ఆమె పేరున ఇక్కడ ఒక్క కాగితం లేదు. కిందటి నెల పెద్దాడు ఒక బిల్డరును తీసుకొచ్చి ఇల్లంతా కొలిపించాడు. ముందుగదిలో టేపు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావలసి వస్తే, రెండో కొస పిన్ని చేతికే ఇచ్చాడు. ఆమె పట్టుకుంది కూడా. ఇల్లు పడగొడితే పిన్ని సంగతేమిట్రా అని నేనడిగితే, 'చూద్దాంలే అమ్మా, ఏదో ఒకటి' అన్నాడు. చూద్దాంలే అంటే ఏమిటో నాకు తెలుసు. మేడమీద కారే కుళాయిని తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నాం. అందుకని ఆ మర్నాడే వకీలుగారికి కబురు పెట్టాను.

1. నా పేరున ఉన్న ఈ ఇంట్లో వీధివైపు ముందుగది, దాని వెనుక చిన్న వంటగది, పక్కన స్నానాలగది, ఈ మూడింటి మీద నా తోడికోడలికి జీవితాంతం సంపూర్ణ అనుభవ హక్కు ఉండగలదు. ఆమె బతికి ఉండగా ఈ ఇంటిని మొత్తంగా గానీ ముక్కలుగా గానీ అమ్మడానికి, కూల్చడానికి, తాకట్టు పెట్టడానికి ఎవరికీ అధికారం లేదు. మిగిలిన ఇల్లు పెద్దాడికీ అమ్మాయికీ సమభాగాలు. ఆమె తదనంతరం ఆ మూడు గదులూ అలాగే.

ముందుగది హద్దులు: తూర్పున వీధి తలుపు, ఉత్తరాన కిటికీ, దాని కింద మా బల్ల, పడమర వంటగది గుమ్మం, దక్షిణాన రిబ్బన్ల అలమర. అలమర తలుపు సరిగ్గా పడదు, మోకాలితో ఒక్కటి ఇచ్చుకోవాలి. బల్ల, అలమర, రబ్బరు స్టాంపులు, ఇంకు ప్యాడ్లు, కత్తెరలు, రిబ్బను చుట్టలు, స్టాంపులు కడిగే పాత టూత్‌బ్రష్షులతో సహా, ఈ కాగితంలో విడిగా ఇంకొకరికి రాసినవి తప్ప సమస్తం ఆమెవే. 'పిన్నీ, ఇది నేను తీసుకోనా' అని ఎవరూ అడగరాదు. అడిగితే ఇచ్చేస్తుంది, ఆమెతో వచ్చిన చిక్కే అది.

2. ఈ ఏర్పాటు జాలిపడి చేసిందని ఎవరూ అనుకోకుండా, ఎందుకు చేశానో రాతపూర్వకంగా చెప్పుకోవలసి ఉంది.

మా మరిది పోయేనాటికి ఆమెకు పాతికేళ్లు. ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేదు. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, మిగతా వేళ మూలన కూర్చునేది. ఆ రోజుల్లోనే మీ నాన్న ఆఫీసు నుంచి అరిగిపోయిన రబ్బరు స్టాంపులు ఒక డబ్బా నిండా పట్టుకొచ్చారు. ఉత్తరాలు తీసుకునే విభాగంలో ఆయన ఉద్యోగం. ఎలాగూ పారేస్తున్నారు, పిల్లలు ఆడుకుంటారని తెచ్చారు. వాటిలో ఒకదాని మీద 'అందినది' అని ఉంది.

ఒకరోజు అమ్మాయి, వాళ్ల టీచరు ఊరు మారి వెళ్లిపోతోందని, ఇవ్వడానికి కార్డు కావాలని పేచీ పెట్టింది. నేను అట్ట మడిచి, బంగాళదుంప ముక్క మీద పువ్వు చెక్కి అద్దాను. లోపల 'మీరు నేర్పినదంతా' అని రాసి, దాని కింద 'అందినది' స్టాంపు గుద్దాను. మూలనున్న నా తోడికోడలు లేచి వచ్చి, పిల్ల జడకున్న నీలం రిబ్బను లాగి, ఆ కార్డుకు కట్టింది. 'ఇలా బాగుంటుంది కదక్కా' అంది. ఏడాదికి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట. పిల్లేమో రిబ్బను కోసం ఏడుపు, నేనేమో ఆ మాట విన్నందుకు ఏడుపు.

ఈ ముందుగదిలో మా కార్డుల అమ్మకం అలా మొదలైంది. తర్వాత కచేరీ పక్కనుండే రబ్బరు స్టాంపుల ఆయన చేత పువ్వులు, పిట్టలు చేయించాను. ఎప్పుడూ అధికారుల సీళ్లు చేసుకునే మనిషి. పిచ్చుక కావాలంటే, 'ఏ శాఖకమ్మా?' అన్నాడు.

అద్దడం నా వంతు, కట్టడం ఆమె వంతు. ముడి నాకు ఈ జన్మకు రాలేదు. నేను కడితే గోనెసంచి మూతి బిగించినట్టు ఉంటుంది. ఆమె కట్టే ముడికి ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. కవరులో పెట్టినా ఉబ్బదు. కొస పట్టి లాగితే ఒక్కసారిగా విడిపోతుంది. విడిపోయాక మళ్లీ అలా కట్టడం ఆమెకు తప్ప ఎవరికీ చేతకాదు. లోపలేముందో చూద్దామని దారిలో విప్పినవాళ్లంతా తేలు కుట్టిన దొంగల్లా వెనక్కి వచ్చేవారు. ఆమె ఏమీ అడక్కుండా కట్టి పంపేది.

పద్దెనిమిదేళ్ల కిందట చేతిపనుల ప్రదర్శనలో మా కార్డుకు మొదటి బహుమతి వచ్చింది. నిర్ణేతల్లో ఒకావిడ ముడిని వేలితో తడిమి, 'ఇదెలా కట్టారండీ?' అని నన్నడిగింది. నా వెనకే నా తోడికోడలు రిబ్బను చుట్ట పట్టుకుని నిలబడి ఉంది. నేను 'అలవాటండీ' అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. ఆ పొగడ్త రుచిగా ఉంది.

మర్నాడు అందరి ముందూ కట్టి చూపించమన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దున్నే ఆమె వచ్చి నా చూపుడువేలికి గుడ్డ చుట్టి, 'వేలు బెణికిందని చెప్పక్కా' అంది. అలవాటుకొద్దీ ఆ కట్టు కొసన కూడా అదే ముడి వేసింది. నిర్ణేత నా వేలికున్న కట్టు చూసింది, నా మొహం చూసింది, నవ్వి ఊరుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏదో చెప్పబోతే, 'పోనిద్దూ అక్కా, ఎవరు కట్టారో నీకు తెలుసుగా' అని నా తోడికోడలు వంటగదిలోకి వెళ్లిపోయింది.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఆమె అడగలేదు, నేను పెట్టలేదు. మొదటి కార్డు నుంచి నిన్నటి కార్డు దాకా ప్రతి ముడీ ఆమెదేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. బహుమతిగా ఇచ్చిన ఇత్తడి పళ్లెం ఆమెకు చెందుతుంది. మాసి ఉంటే తోమి ఇవ్వండి.

ఇంకొకటి. మీ నాన్న పోయిన వారం నేను మేడ దిగలేదు. సంతాపం చెప్పే కార్డు కావాలని వీధిలోవాళ్లు మన ముందుగదికే వచ్చారు, మరెక్కడికి వెళ్తారు? నాకు పంపే కార్డులన్నీ ఆమే అమ్మింది, ఆమే కట్టింది. ముప్పైకి పైగా వచ్చాయి. పంపినవాళ్లలో సగంమంది నాకిప్పుడు గుర్తులేరు. ముడులు గుర్తున్నాయి, ఒక్కటీ వదులుగా లేదు. బావగారు పోయినందుకు ఆమె కూడా ఏడ్చి ఉంటుందని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు. తట్టాక వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా బతుకులో నన్ను ఇంతగా కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

3. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత అమ్మాయిది. దానికి జాలి ఉంది, మొహమాటం లేదు. ఈ పనికి అలాంటి మనిషే కావాలి. అమ్మాయీ, అలమర పై అరలో విప్పని నీలం రిబ్బను చుట్ట ఒకటి ఉంది, అది నీది. నలభై ఏళ్ల కిందట నీ జడ నుంచి లాక్కున్నదానికి బదులు. కార్డులు మడత పెట్టడానికి నేను వాడే స్టీలు చెంచా కూడా నీదే. దానితో ఇంతవరకు ఎవరూ ఏమీ తినలేదు, నువ్వూ తినకు.

4. పెద్దాడా, కోపం ఉందన్నాను కదా. ఇల్లు కొలిచినందుకు కాదురా. ఎవరింటిని వాళ్లు కొలుచుకోవచ్చు. టేపు రెండో కొస ఆమె చేతికి ఇచ్చినందుకు.

నీకు తొమ్మిదేళ్లప్పుడు, మీ హెడ్మాస్టరుగారి కోసం కట్టి పెట్టిన కార్డును విప్పావు. ప్రతిదాని లోపలా ఏముందో చూడాలి నీకు. పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మళ్లీ కట్టడం రాక నీ బూటులో దాచావు. మర్నాడు కార్డు చక్కగా ముడితో బల్ల మీద ఉంది, నీకు దెబ్బలు తప్పాయి. పిన్ని నాకు ఒక్క మాట చెప్పలేదు. కార్డు మూలన బూటు పాలిష్ మరక అంటితే, దాని మీద పిచ్చుక స్టాంపు అద్ది కప్పేయాలని చూసింది. అద్దడం ఆమెకు రాదు. పిచ్చుక కాస్తా కాకి అయింది. ఆ కాకిని చూసి నాకు సంగతంతా అర్థమైంది, నేనూ నోరు మూసుకున్నాను.

నీకు మీ నాన్న తెచ్చిన 'అందినది' స్టాంపు ఇస్తున్నాను. ఆయన చేతిలో నలిగి నలిగి పిడి నున్నబడింది. ఎదుటివాళ్లు పంపింది మనకు ముట్టిందని ఒప్పుకోవడానికి దాన్ని చేశారు. ఎక్కడ వాడాలో నువ్వే ఆలోచించుకో. కోపం ఇంతటితో తీరింది. నువ్వు చెడ్డవాడివి కావు, తొందర మనిషివి. నా చెప్పులు అరిగాయని నేను చెప్పకముందే కొత్తవి తెచ్చిపెట్టేది కూడా నువ్వే. ఆ సంగతి కూడా ఈ అంశంలోనే రాసి పెడుతున్నాను.

5. పెద్దాడి భార్యకు, అంటే నా కోడలికి, నా బల్ల మీది దీపం. నాకు కుడికన్ను మసకబారుతోందని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కిందికి దిగేసరికి దీపం ఎడమవైపుకు జరిపి ఉంది. 'ఎవరు జరిపారు?' అని అరిచాను. 'నేనే అత్తయ్యా' అని భయపడుతూ చెప్పింది. థాంక్స్ అనవలసిన చోట అరిచాను. ఆ థాంక్స్ ఇక్కడ చెబుతున్నాను.

6. రంగుకాగితాల కొట్టాయనకు ఒక మీగడరంగు కాగితం, ఒక తెల్లకాగితం. పదకొండేళ్లుగా ఒకటి అడిగితే ఇంకొకటి కట్టి, 'రెండూ తెలుపే కదమ్మా' అంటూ వచ్చాడు. పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చూసుకోవలెను. అయితే వర్షంలో తడిసిన మా సరుకంతా మారు మాటాడకుండా మార్చి ఇచ్చిందీ ఆయనే. కాగితాలతో పాటు నా నమస్కారం కూడా అందజేయండి.

7. ఇన్నాళ్లూ కార్డుల వెనక ఒక పిచ్చుక, దాని కింద 'కార్డులమ్మ' అని అద్దుతూ వచ్చాను. ఆ స్టాంపును నా తర్వాత ఎవరూ వాడరాదు. రబ్బరు స్టాంపుల ఆయన చేత కొత్తది చేయించాను, బల్ల సొరుగులో గుడ్డలో చుట్టి ఉంది. 'ముద్ర అక్కది, ముడి చెల్లిది' అని ఉంటుంది. ఈసారి ఏ శాఖకని ఆయన అడగలేదు. అలమరలో మిగిలిన ప్రతి కార్డు వెనకా అది పడ్డాకే కార్డు గడప దాటాలి. పిన్ని చేత అద్దిస్తే కాకులవుతాయి. కోడలు నేర్చుకుంటే సంతోషిస్తాను. స్టాంపును ఊపకూడదు. అద్ది, ఒక్క క్షణం ఆగి, నిటారుగా ఎత్తాలి.

8. ఈ కాగితాలను లక్కతో సీలు చేద్దామన్నారు వకీలుగారు. అంతకంటే గట్టి సీలు మా ఇంట్లోనే ఉందన్నాను. రాయడం అయ్యాక వీటిని మడిచి నా తోడికోడలి చేతికిస్తాను. ఏం కాగితాలక్కా అని అడగదు, కట్టి ఇస్తుంది. ఆ కట్ట నా మంచం పక్క సొరుగులో ఉంటుంది. సొరుగుకు తాళం వేయను.

నా తర్వాత దాన్ని కత్తెరతో కోయరాదు. అందరూ ముందుగదిలో కూర్చున్నాక, ఆమె చేతనే విప్పించి, ఆమెకు వినబడేలా చదవాలి. రెండో అంశం నిదానంగా చదవాలి. రిబ్బను ఆమెకు ఇచ్చేయండి. ఇస్త్రీ చేసి ఇంకో కార్డుకు వాడుకుంటుంది, వద్దనకండి.

ఒకవేళ నేనింకా మేడమీద దగ్గుతూ ఉండగానే ఎవరైనా దీన్ని విప్పి చదువుతున్నట్టయితే, ఒరే పెద్దాడా, కంగారుపడకు. నువ్వు ఎన్నిసార్లు కట్టినా ఆ ముడి నీకు రాదు. బూటులో దాచకు. కిందికి వెళ్లు. కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. ఇది ఆమె చేతిలో పెట్టు. ఏమీ అడగదు. కట్టి ఇస్తుంది. నాకు చెప్పదు. కడుతున్నంతసేపూ అక్కడే నిలబడి ఆ చేతులు చూడు.

తేదీ: ఈ నెల పదిహేడు, గురువారం మధ్యాహ్నం, కింద ఆమె రిబ్బను కొసలు పోగులూడకుండా కొవ్వొత్తి మంటకు చూపిస్తున్న వాసన మేడమీదికి వస్తుండగా.

సంతకం: పెద్దకోడలు, అమ్మ, అత్తయ్య, కార్డులమ్మ, అక్క. వీటిలో చివరిది నాకు అన్నిటికంటే ఇష్టం.

సాక్షులు:
ఒకటి, రబ్బరు స్టాంపుల ఆయన. సంతకం చాలదన్నట్టు తన షాపు స్టాంపు కూడా గుద్దారు, తలకిందులుగా.
రెండు, ఎదురింటి కళ్లద్దాల షాపు ఆవిడ. నా కళ్లు పనిచేస్తున్నాయని ఆమె కంటే బాగా ఎవరు చెప్పగలరు?
కాగితాల కొట్టాయనను పిలవలేదు. ఆరో అంశంలో ఆయనకు వాటా ఉంది.

ఈ పత్రం వెనుక, నా చేత్తో అద్దినది, వణక్కుండా పడినది:

ముద్ర అక్కది, ముడి చెల్లిది.