వినే పుస్తకాల గది కంప్యూటర్‌ను సులభం చేయవద్దని మనవి

గ్రంథాలయ అధికారి గారికి,

అయ్యా,

విషయం: వినే పుస్తకాల గదిలో లైనక్స్ వ్యవస్థతో నడిచే కంప్యూటర్‌ను సోమవారం తుడిచేసి ఆఫీసు కంప్యూటర్లలా మార్చాలన్న తమ ఉత్తర్వును రద్దు చేయమని కోరుతూ.

ముందుగా ఒక సవరణ. ఏ ప్రోగ్రామ్ ఎక్కించాలన్నా ఈ కంప్యూటర్ మూడుసార్లు పాస్‌వర్డ్ అడుగుతుందని తమరు సమావేశంలో సెలవిచ్చారు. అడిగేది ఒక్కసారే. మిగతా రెండుసార్లు తమరు తప్పు కొట్టారు.

1. ఆఫీసు కంప్యూటర్లలో ఏది ఎక్కించాలన్నా అడ్డు ఉండరాదని తమరే పాస్‌వర్డ్ తీయించారు. తత్ఫలితంగా, గత నెల టైపిస్టు గారు శబ్దాలు కత్తిరించే ప్రోగ్రామ్ కోసం వెతికి, ఒకే పేజీలో నాలుగు 'డౌన్‌లోడ్' బటన్లు కనబడగా అన్నిటికన్నా పెద్దది నొక్కారు. "పెద్దదే అసలుదనుకున్నానండీ" అని వారి వాంగ్మూలం.

2. అలా దిగిన వైరస్ ఆ ఆఫీసు కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తెరుచుకోని తాళం వేసింది. నేను చదివి రికార్డు చేసి అందులో దాచిన పద్నాలుగు పాఠాలూ పోయాయి. అవి ఆసుపత్రి టెలిఫోన్ ఆపరేటర్ కోసం. ఆమెకు చూపు లేదు; ప్రమోషన్ పరీక్షకు ఇంకా పన్నెండు రోజులే. "పోతే పోయాయి, మళ్లీ చదవండి బామ్మగారూ, మీకు వేరే పనేముంది?" అన్నారు తమరు. చదువుతున్నాను. గొంతు బొంగురుపోయి తొమ్మిది దగ్గర ఉన్నాను. మిగతా ఐదింటికి ఈ కంప్యూటరే దిక్కు.

3. దీనితో సుఖం లేదన్నది నిజం. మైకు పలకడానికి రెండు రోజులు పట్టింది. "అమ్మమ్మా, నేను చెప్పేదాకా ఏదీ ముట్టుకోకు!" అని మనవరాలు ఫోన్‌లో నాలుగుసార్లు కసిరింది. పాస్‌వర్డ్ ఉన్నంత మాత్రాన ప్రమాదం తప్పిపోదు కూడా. ఇంటర్నెట్లో ఎక్కడో దొరికిన ఒక ఆదేశాల వరుసను చదవకుండా ఇందులో అతికించి నేనూ మునగబోయాను. పాస్‌వర్డ్ అడిగింది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. చెరిపేశాను. మనిషిని ఆ ఒక్క క్షణం ఆపడానికే అది అడిగేది. తమరు దాన్ని జాప్యం అంటున్నారు.

4. గేటు దగ్గర కాపలాదారు పదకొండేళ్లుగా ఎరిగున్న నా దగ్గుమందు సీసా మూత తీయించి వాసన చూస్తాడు. తమరి కంప్యూటర్లు ఆపాటి కాపలాకు కూడా నోచుకోలేదు.

రద్దు చేయడానికి అహం అడ్డొస్తే, కనీసం పరీక్ష అయ్యేదాకా వాయిదా వేయండి. "ఇంకెన్ని ఉన్నాయి టీచరుగారూ?" అని ఆ ఆపరేటర్ పిల్ల రోజూ ఫోన్ చేస్తోంది. జవాబు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

తమ చిత్తానికి పట్టకపోయినా చివరిదాకా చదవవలెనని కోరుతూ,

ఇంతవరకు తమ విధేయురాలు,
వినే పుస్తకాల గదిలో చదివే బామ్మ
(విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని)

తా.క.: ఈ అర్జీ తెచ్చిన అటెండరు జేబులో పెన్‌డ్రైవ్ ఉంది, తయారైన తొమ్మిది పాఠాలూ అందులో ఉన్నాయి. అతన్ని ఒక గంట వదిలిపెట్టండి. ఆసుపత్రిలో టెలిఫోన్ గది మెట్ల కింద ఉంటుంది. ఆమె రెండింటికి డ్యూటీ దిగుతుంది, ఈలోపే వెళ్లాలి. బల్ల మీద పెట్టి రాకూడదు, చేతిలో పెట్టాలి. పంపే ముందు తమరి కంప్యూటర్‌కు తగిలించి పనిచేస్తుందో లేదో చూడవద్దు. పనిచేస్తుంది.