మా వంశంల అందరూ ఉక్కే

అమీర్‌పేట హాస్టల్

సిరిసిల్లలో వెలుగుతున్న ధర్మయ్య పెద్దబాపుకు, తమ్ముని కొడుకు భానుచందర్ సాష్టాంగ నమస్కారాలు.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంతో మన వంశం పరువు మూసీలో కలపబోతున్నందుకు, మగ్గం మీద బతికిన తాతముత్తాతలందరికీ పేరుపేరునా కన్నీటి క్షమాపణలు.

సంగతేందంటే, ఇంటర్వ్యూ అంటే నాకు గుండెదడ. బిల్డింగ్ దాకా పోతున్న, లిఫ్ట్ ముంగట నుంచి వాపసొస్తున్న. తర్వాత రెండురోజులు మంచం దిగబుద్ధి కాదు. పంజాగుట్టలో అనుపమ అనే మానసిక డాక్టరును కలిసిన. ఆందోళన, దిగులు రెండూ ఉన్నాయట. మెదడులో రసాయనాలు, పుట్టుకతో వచ్చిన జన్యువులు, బతుకులోని ఒత్తిడి, అన్నీ కలిసి చేసిన పనట. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఉంటే ఏ మందు పడింది?" అని అడిగింది. తెలిస్తే నాకు మందు ఎంచడం సులువట. జర చెప్పు.

ఇట్లు,
భానుచందర్

తా.క.: ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి వాడకట్టంతా వినిపిస్తవు. అందుకే టైలర్ శ్యాంసుందర్ అన్న కాజాలు కుట్టడానికి నీకు పంపే బట్టలమూటలో ఉత్తరం పెడుతున్న.

---

సిరిసిల్ల

చిరంజీవి భానుకు పెద్దబాపు ఆశీస్సులు.

నాకు సమజైంది. ఇంటి చరిత్ర అడిగేది పిల్లనిచ్చేటోళ్ళే. డాక్టర్ పిల్ల అంటే మంచిదే, కని కూపీ తీస్తుండ్రు, జాగ్రత. ఇది ఆమెకు సదివి వినిపియ్యి: మా వంశంల అందరూ ఉక్కే. మీ తాత ఏడాదిపొద్దు ఎవ్వరితోని మాట్లాడకుంట గోడదిక్కు తిరిగి పన్నడు, అది వైరాగ్యం. మీ మేనత్త చంద్రమ్మ తాళమేసిందో లేదో అని బస్సు ఆపి దిగొస్తది, అది బాధ్యత. మీ నాయిన పెండ్లినాడు చెమటలు పట్టి మంటపంల కూలబడ్డడు, అది సిగ్గు. దిగులన్నది మా గడప తొక్కలే.

నీ పెద్దబాపు,
ధర్మయ్య

తా.క.: పిల్ల గోత్రమేందో అడుగు.

---

అమీర్‌పేట

పెద్దబాపుకు వంశోద్ధారకుడు రాయునది.

వినిపించిన. డాక్టరమ్మ మొత్తం రాసుకున్నది. ఇంత నిజాయితీగల కుటుంబ చరిత్ర ఆమెకు ఎప్పుడూ దొరకలేదట. వైరాగ్యం, బాధ్యత, సిగ్గు, ఈ బిరుదులకు వాళ్ళ పుస్తకాల్లో వేరే పేర్లున్నాయట. వంశంలో ఉన్నంత మాత్రాన అందరికీ రావాలని లేదు, వచ్చినా నయం కాకపోదు అన్నది. గోళీలు మొదలుపెట్టింది, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట. ఆమె కొడుకు పదోతరగతి, కాబట్టి పెండ్లి ఆశ వదులుకో.

ఉత్తరంలో అందరూ ఉన్నారు, నువ్వే లేవేందని అడిగింది.

వినయంతో,
భాను

తా.క.: గోత్రం అడిగిన. "నిద్ర పడుతుందా?" అని తిరిగి నన్నే అడిగింది.

---

సిరిసిల్ల

భానుకు ధర్మయ్య రాసేది. ఆశీస్సులు తర్వాత.

గోళీలు బంద్ చెయ్యి. రేపు నిజంగ సంబంధమొస్తే మెడికల్ షాపుల సుత అడుగుతరు. మీ పెద్దమ్మ సంబంధానికి మేం వాళ్ళింటి పాలాయనను అడగలేదా? మంగళారం బట్టలు తీసుకొని నేనే వస్తున్న. ఐదు నిమిషాలల్ల మన వంశమేందో ఆమెకు చెప్త. నువ్వు బయట కూసో.

ధర్మయ్య

తా.క.: నాకేమైతది? నాకేం కాలే. నేను మంచిగున్న అని గట్టిగ చెప్పు ఆమెకు.

---

సిరిసిల్ల

భానూ, బిడ్డా,

క్షేమంగ చేరిన. డాక్టరమ్మ మంచిదే, కని మర్యాద తెల్వదు. వంశం గురించి చెప్పబోతే, "మీరెట్లున్నరు?" అన్నది. మగ్గాలు అమ్మిన కాడికెల్లి గా మాట నన్నెవ్వరు అడగలే. కండ్లెంబడి నీళ్ళొచ్చినయి. అది ఏసీ. గంటసేపు కూసోపెట్టి నాకు సుత గోళీలు రాసింది. నీకు తోడుగ మింగుతున్న, అంతే. మీ పెద్దమ్మకు విటమిన్లని చెప్పిన. నువ్వు మాత్రం బంద్ చెయ్యకు. ఎవడన్న అడిగితే అవి మా పెద్దబాపువని చెప్పు.

నీ పెద్దబాపు

తా.క.: నేను నోరు తెరవకముందే కౌంటర్ కాడి ఆమె "ధర్మయ్య గారూ" అని ఎట్ల పిలిచింది?

---

అమీర్‌పేట

పెద్దబాపుకు నమస్కారాలు.

నిన్న లిఫ్ట్ ఎక్కిన. ఇంటర్వ్యూలో కూర్చున్న. ఉద్యోగం రాలేదు, కాని ఈసారి భయంతో కాదు, జవాబులు రాక. డాక్టరమ్మ దీన్ని మెరుగుదల అంటున్నది.

పెద్దమ్మకు విటమిన్ల మీద అనుమానం రాకముందే నిజం చెప్పు. గోళీలు వేళకు వేసుకో.

నీ కొడుకు,
భాను

తా.క.: కౌంటర్ కాడి ఆమె ఏ మంత్రమూ వేయలేదు. మంగళవారం నా వంతు కాదు. నువ్వు వస్తున్నవని తెలియంగానే నేను చేసింది ఒక్కటే: క్లినిక్‌కు ఫోన్ చేసి, కొత్త పేషెంటు పేరు ధర్మయ్య అని రాయించిన.