పరపతి పెరిగిన పిల్ల

చిట్టితల్లికి, గాల్లో తేలుతున్న నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్యాంకు కాగితం అందింది. "మీ పరపతి గణనీయంగా మెరుగుపడింది" అని అచ్చులో చూసేసరికి నా కళ్లద్దాలు తడిసిపోయాయి. మిగతాదంతా సన్నక్షరాలు, వాటితో మనకేం పని? నీ సోఫాల షాపు దివాలా తీసినప్పుడు మొహం చాటేసిన చుట్టాలు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వస్తారో చూస్తాను! ఇంత పరపతి మన వంశంలో ఎవరికీ లేదమ్మా. మీ తాతకి కరెంటాఫీసు గుమాస్తా తెలుసు, అంతే.

పట్టలేక కింద సెలూన్ అతనికి చెప్పాను. నురగ చేతులతోనే దండం పెట్టాడు.

పొంగిపోతున్న
నాన్న

తా.క.: అతని బావమరిదికి బదిలీ కావాలట. పైవాళ్ల చెవిన ఒక మాట వెయ్యి. నా దగ్గర గడ్డానికి డబ్బులు తీసుకోలేదు మరి.

*

నాన్నకి నమస్కారాలు.

ఫోన్‌లో ఎంత అరిచినా నీకు వినపడదు, అందుకే రాస్తున్నాను. ఆ కాగితంలో పరపతి అంటే పలుకుబడి కాదు నాన్నా. ఈ మనిషికి అప్పిస్తే తిరిగొస్తుందా రాదా అని బ్యాంకు వేసుకునే లెక్క. దివాలా తీశాక నాకు కూర్చోమని కుర్చీ చూపించినవాళ్లు లేరు. అందుకే ఇంకొకరి షాపులో సోఫాలు కుడుతూ, చిన్న చిన్న అప్పులు తీసుకుని గడువు తప్పకుండా కడుతున్నాను.

మీ వీధి మొదట్లో ఖాళీగా ఉన్న గదిలో మళ్లీ సొంత షాపు పెట్టాలని నా ఆశ. గది ఆయనకి ఫోన్ చేస్తే, "దివాలా తీసినవాళ్లకి ఇవ్వనమ్మా" అని పెట్టేశాడు. ఆయన మనసు మారేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు.

నీ కూతురు

తా.క.: ఎవరో బావమరిది ఫోన్ చేసి "మేడమ్" అన్నాడు. అప్పుడు సోఫాకి కొట్టాల్సిన మేకులు నోట్లో పెట్టుకుని ఉన్నాను. మింగినంత పనైంది.

*

అణకువకి మారుపేరైన నా తల్లికి,

నిండుకుండ తొణకదంటే ఇదే! కానీ నాన్న దగ్గర కూడా దాపరికమా? అప్పు చేస్తే ఉన్న పరపతి పోతుంది గానీ పెరగడమేంటి? నాలుగో క్లాసే చదివినా ఆ మాత్రం తెలుసు.

ఎవరికీ చెప్పొద్దన్నావుగా, చెప్పలేదు. కాగితం సెలూన్ అద్దానికి అంటించాను. చదువొచ్చినవాళ్లు చదువుకుంటారు. ఇప్పుడు మన మెట్ల నిండా జనమే. ఒకరికి మురుగుకాలవ, ఒకరికి కోడలి ఉద్యోగం. అందరికీ నీ నంబరు ఇచ్చాను.

నీ తరఫున సరే అంటున్న
నాన్న

తా.క.: సెలూన్ అతను జుట్టుకి రంగు కూడా వేశాడు. పైసా అడగలేదు. పరపతంటే ఇది!

*

నాన్నా,

అద్దానికా? ఆ సన్నక్షరాల్లో ఏముందో చూశావా? నేను దివాలా తీసిన చరిత్రంతా ఉంది! ఇన్నాళ్లూ మీ వీధిలో గది ఆయన ఒక్కడికే తెలుసు, ఇప్పుడు వీధంతా గడ్డం గీయించుకుంటూ చదువుతోంది. ఇక అక్కడ నా దగ్గర సోఫా ఎవరు కుట్టించుకుంటారు? ముందు దాన్ని పీకేయ్.

తల పట్టుకున్న
నీ కూతురు

తా.క.: కోడలి ఉద్యోగం ఆవిడతో చెప్పు, ఈ ఫోన్ల దెబ్బకి నా ఉద్యోగమే ఊగుతోందని.

*

సొంత షాపు ఓనరమ్మకి, కాలరెగరేసిన నాన్న దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తాను. తీరా చూస్తే గది ఆయన సగం గడ్డం నురగతో లేచి నిలబడి, అద్దానికి ముక్కు ఆనించి ఆ సన్నక్షరాలే చదువుతున్నాడు.

"పెద్దాయనా, దివాలా తర్వాత ఒక్క వాయిదా కూడా తప్పలేదట. ఈమె మీ అమ్మాయేనా?"

"తప్పు నాదేనండీ, పీకేస్తాను."

"ఆగండాగండి. నా గదుల్లో అందరూ పరువుగలవాళ్లే. ఒక్కడూ దివాలా తీయలేదు, ఒక్కడూ అద్దె ఇవ్వడు! పడి లేచి మరీ కడుతున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

తాళంచెవి నా జేబులో ఉంది తల్లీ! పలుకుబడి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు. ఇది నువ్వు కుట్టు మీద కుట్టు వేసి తెచ్చుకున్నది. చిరిగిన సెలూన్ కుర్చీయే నీ మొదటి బేరం.

నీవల్ల నాన్ననైన
నాన్న

తా.క.: గడ్డం, రంగు ఊరికే అనుకుని తెగ చేయించుకున్నాను. అంతా గోడ మీద రాసుకున్నాడట! "ఎవర్ని చూసి ఇంత అరువిచ్చావయ్యా?" అని అడిగితే, "మీ అమ్మాయి పరపతి చూసేనండీ" అన్నాడు. నువ్వు గడువు తప్పవుగా తల్లీ!