తొమ్మిదో గాటు

వాడపల్లి నాగేశ్వరప్రసాద్ అనే నేను, వయసు డెబ్బై రెండు, ధవళేశ్వరం కాపురస్తుడిని, బ్యారేజీ దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు గోదావరి నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాసి రిటైరైనవాడిని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. తెలివి సరిగ్గానే ఉందని డాక్టరుగారిచ్చిన కాగితం జతపరిచాను. తెలివి సరిగ్గా ఉన్నవాడు ఎంత గాడిద పని చేయగలడో నాలుగో దఫాలో ఉంది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. నా స్వార్జితమైన ఇల్లు, వెనక కాలవ వైపున్న కారు షెడ్డుతో సహా, నా భార్య లోవమ్మకు సర్వహక్కులతో చెందాలి. లోవమ్మా, పదహారేళ్ళుగా నువ్వు నా కారెక్కలేదు. కాకినాడకు బస్సులోనే వెళ్ళొచ్చావు. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. ముందు సీటుకు నువ్వు కుట్టిన పూల కవరు ఇంకా అలాగే ఉంది. అది కారుతో పోకూడదు. విప్పి నీ దగ్గర పెట్టుకో.

2. వేలంలో నేను కొన్న 1974 అంబాసిడర్ కారు నా కూతురు సాయిప్రసన్నకు చెందాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తనదే. అల్లుడు ఉదయ్‌భాస్కర్ గారు దాన్ని పెళ్ళి ఫొటోలకు అద్దెకు తిప్పాలని నా ఎదురుగానే రెండుసార్లు అన్నారు. తిప్పుకోండి బాబూ, నేను చూడొచ్చానా. నేను పోయేదాకా ఆగితే చాలు.

3. ఆ కారుకు పెట్రోలు ముల్లు నేను కొన్ననాడే పనిచేయడం లేదు. ట్యాంకులోని పాడైన మీటరు ఊడబీకించి, కుడివైపు మిగిలిన ఆ కన్నానికి మూత బిగించాను. అందులోంచి వెదురు పుల్ల దించి, ఎంతవరకు తడిసిందో చూడాలి. చదునైన రోడ్డు మీద లీటరు లీటరు పోసి గాట్లు నేనే పెట్టాను. ఇద్దరెక్కితే లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు, నలుగురెక్కితే ఎనిమిది, వర్షంలో కాలవగట్టు రోడ్డు మీదైతే ఏడు. ఈ లెక్కలున్న నోట్‌బుక్కు డాష్‌బోర్డు అరలో ఉంది. అమ్మా సాయీ, వచ్చిన దానిలోంచి ఎప్పుడూ రెండు లీటర్లు తీసేసి నమ్ము. బండి చదునైన చోట ఉంటేనే పుల్ల దించు. అన్నిటికన్నా ముఖ్యం, బండి నడిపే మనిషి పెట్రోలు పోయిద్దామంటే నోరు మూసుకుని పోయించు.

4. ఈ దఫాలో పంచే ఆస్తి ఏమీ లేదు.

2009 ఆగస్టులో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఎప్పట్లాగే షెడ్డులో పుల్ల దించాను. తొమ్మిదో గాటు దాకా తడిసింది. నోట్‌బుక్కులో రాశాను. తెల్లవారి కాకినాడ నుంచి మా అత్తగారు ఆఖరి ఘడియల్లో ఉన్నారని ఫోనొచ్చింది. మా డ్రైవరు గెడ్డం లాజరు ట్యాంకును వేలితో కొట్టి చూసి, "అయ్యగారండి, ఖాళీగా మోగుతుందండి. దారిలో ఓ ఐదు లీటర్లు పోయిద్దామండి" అన్నాడు. తొమ్మిది లీటర్లుంటే అరవై కిలోమీటర్లు పోవడానికేంటి నొప్పి అన్నాను. గోదావరినే కొలిచేవాణ్ణి, ట్యాంకు కొలవలేనా అని కూడా అన్నాను. బంకు కనబడ్డప్పుడల్లా లాజరు అద్దంలో నా వంక చూశాడు. నేను ఆపనివ్వలేదు.

కరప దగ్గర బండి ఆగిపోయింది. లాజరు సీసా పట్టుకుని పరుగెత్తి పెట్రోలు తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. మేం చేరేసరికి అత్తగారు పోయి ఇరవై నిమిషాలైంది. కూతురు వచ్చిందా అని ఆవిడ చివరిదాకా అడిగారట. ఆ మాట లోవమ్మ ఎదురుగానే చెప్పారు.

కార్యక్రమాలు అయ్యాక, నడిచిన కిలోమీటర్లు చూసి నేను లెక్కేశాను. మూడున్నర లీటర్లు తేడా వచ్చింది. షెడ్డు తాళం లాజరు దగ్గర ఉండేది. పదకొండేళ్ళు నా దగ్గర పనిచేసిన మనిషిని నడివీధిలో నిలబెట్టి దొంగ అన్నాను. "నేను తియ్యలేదండి" అని ఒక్క మాటే అన్నాడు, తాళం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. లాజరు తియ్యడని లోవమ్మ ఆ రోజే చెప్పింది. నీకేం తెలుసు ఊరుకో అన్నాను.

నా తమ్ముడు వెంకటరత్నం ఆ కబురు బజారంతా మోసి, లాజరు వెళ్ళే లూథరన్ చర్చి పెద్దల దాకా చేరవేశాడు. అక్కడ కానుకల పెట్టె తాళంచెవి ఏళ్ళ తరబడి లాజరు దగ్గర ఉండేది. దాన్ని అడిగి తీసేసుకున్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. కాకినాడలో ఒక గోడౌనుకి కాపలా ఉండి కూతురు మెర్సీని చదివించాడు.

2019లో షెడ్డు నేల మళ్ళీ వేయిస్తుంటే తాపీమేస్త్రి ఏసుపాదం నీటి గొట్టం పట్టి మట్టం చూసి, కాలవ వైపు నాలుగు వేళ్ళు కుంగిపోయిందండి, పాత కుంగుడేనండి అన్నాడు. కారును నేను ఎప్పుడూ కుడివైపు కాలవకు ఉండేలాగే పెడతాను. పుల్ల దించే కన్నం ఆ పక్కనే ఉంది, ఒరిగిన బండిలో పెట్రోలూ అటే చేరుతుంది. పని ఆపించి, బండి అక్కడే పెట్టించి, ట్యాంకు ఖాళీ చేయించి, అయిదున్నర లీటర్లు కొలిచి పోసి పుల్ల దించాను. తొమ్మిదో గాటు దాకా తడిసింది.

నీటిమట్టం చూసే గేజి బల్ల నిటారుగా లేకపోతే చదివిందంతా తప్పేనని కొత్తగా చేరినవాళ్ళకు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను. నా షెడ్డు నేల ఒక్కనాడూ చూసుకోలేదు. లాజరు ఒక్క చుక్క తియ్యలేదు. దొంగ అన్నది నేను, తప్పు నాది.

తమ్ముడితో చెప్పాను. "ఇప్పుడవన్నీ తవ్వుకోవడం ఎందుకన్నయ్యా, మన పరువే పోద్ది" అన్నాడు. నాకూ ఆ మాటే కావాల్సొచ్చింది. ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. మూడుసార్లు కాకినాడలో లాజరు వీధి మొగ దాకా వెళ్ళి తిరిగొచ్చాను, సిగ్గు లేని వెధవని.

5. వెంకటరత్నం ఎప్పటినుంచో తనదే అనుకుంటున్న, నా పేరున ఉన్న మండపేట ఎకరం పొలం అతనికే రాస్తున్నాను. ఒక షరతు. నేను పోయాక నెల లోపు ఒక ఆదివారం, ఆ లూథరన్ చర్చిలో ఆరాధన అయ్యాక, పెద్దల అనుమతితో, అందరి ముందు నిలబడి పై నాలుగో దఫా మొదటి నుంచి చివరిదాకా అతనే చదవాలి. తన పేరున్న చోట గొంతు తగ్గించకూడదు. చదవకపోతే పొలం లోవమ్మది. వెదురు పుల్ల మాత్రం ఏ షరతూ లేకుండా అతనికే. ఊరందరినీ కొలుస్తుంటాడు కదా, పనికొస్తుంది.

6. లాజరుకు నేను ఏ ఆస్తీ రాయడం లేదు. కారే ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏమీ రాయకపోవడమే మంచిదని డాక్యుమెంట్ రైటరు చెప్పారు. రెండిట్లో ఒకటి ఎంచుకున్నాను. నిన్న కబురు పంపాను. ఈ ఉదయం లాజరు బస్సు దిగి వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి నాలుగో దఫా నేనే చదివి వినిపించాను. అతను తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక, "ఆ రోజే నేల చూసుంటే సరిపోయేదండి" అన్నాడు. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. లోవమ్మ కాఫీ తెచ్చి ముందు అతనికిచ్చింది.

7. వెంకటరత్నం చర్చిలో చదివాడా లేదా అన్నది లాజరు చెప్పిందే ఖాయం. వేరే రుజువు అడగకూడదు. ఈ వీలునామా మీద ఎవరైనా కోర్టుకెళితే, ఇది నిజమని బోనెక్కి చెప్పాల్సింది కూడా అతనే. రెండో సాక్షి శ్యాంబాబు మాస్టారికి ఎనభై ఏడేళ్ళు, అంతదాకా ఉంటానని ఆయనే హామీ ఇవ్వడం లేదు. ఒకప్పుడు లాజరు మాట నేను నమ్మలేదు. ఇక మీదట ఆ మాట లేకపోతే నా సంతకానికి విలువ లేదు.

ధవళేశ్వరం, 2025 నవంబరు 14, శుక్రవారం.

రాసి సంతకం చేసినది: వాడపల్లి నాగేశ్వరప్రసాద్

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. గెడ్డం లాజరు, డ్రైవరు
2. శ్యాంబాబు, రిటైర్డ్ టీచరు