మరిది దుప్పటి

తమ్ముడూ, అందరికీ ఆశీస్సులు.

చెల్లాయిని తీసుకెళ్ళడానికి ఆదివారం రావద్దు. మరిది పోయాక నోరు విప్పని మనిషి నిన్న ధ్యానం క్లాసులో మాట్లాడింది. అందరం కళ్ళు మూసుకుని కూర్చున్నాం. దాని ఊపిరి ఉన్నట్టుండి ఎగసిపడేసరికి భయమేసి ఓరకంట చూస్తున్నాను. అది కళ్ళు తెరవకుండానే, “అక్కా, ధ్యానం చేస్తున్నావా, నాకు కాపలా కాస్తున్నావా?” అంది. ఆ వెంటనే భోరుమంది. నేను లేవబోతే టీచరమ్మ, “ఏడవనివ్వండి” అని ఆపింది.

ఇప్పుడు కదిలిస్తే మళ్ళీ ముడుచుకుపోతుందేమోనని నా గుబులు.

ధ్యానానికి కింద పరుచుకోవడానికి మరిది దుప్పటి కావాలంది. మీ ఇంట్లోనే ఉందట. పంపు. మరదలు దాన్ని ఉతకలేదు కదా? ఉతికేసి ఉంటే ఆ మాట నాకు రాయి, దానికి కాదు.

పిల్లల్ని దేవుడు చల్లగా చూడాలి.

పెద్దక్క